మూడో గీత

గాలి చొరబడని ఇనుప గదిలో మనుషుల్ని కూర్చోబెట్టి, లోపలి ఆక్సిజన్‌ను కొంచెం కొంచెంగా తగ్గించడం మా పని. ఛాతీకి కట్టిన పట్టీ గుండె చప్పుళ్ళను బయట ఉన్న తెరకు పంపుతుంది; ఒక్కో పట్టీకి ఒక్కో గీత. ఆరోగ్యమైన గుండె గడియారంలా కొట్టుకోదు. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఎడం కాస్త పెరుగుతూ, కాస్త తరుగుతూ ఉంటుంది. గాలి తగ్గితే ఆ ఊగిసలాట మారుతుంది. దాన్ని లెక్కగట్టేది లెక్కల మేడం. గది నడిపేది నేను.

తెర మీద ప్రతి గీతా మారినట్టు లెక్క తేలాకే మిషన్ గాలి తగ్గించడం ఆపి, తలుపు గడియ వదులుతుంది. లోపలివాళ్ళు మధ్యలో భయపడి బతిమాలితే మేడం మెత్తబడిపోయేది. అందుకే బయటున్న స్టాప్ మీటకు నేనే తాళం వేయించాను. ఒప్పుకున్న మాట మీద నిలబడనివాడు ఎందుకూ కొరగాడు.

ఆ మధ్యాహ్నం రావలసిన ఇద్దరిలో ఒకడు ఎగ్గొట్టాడు. వాడి బదులు నేనే పట్టీ కట్టుకుని లోపలికి వెళ్ళాను. రెండోవాడు మా ఆవిడ తమ్ముడు.

"ఇంట్లో అక్క ఊపిరాడనివ్వదు, ఇక్కడ నువ్వు! సరిపోయారు బావా ఇద్దరూ."

"నోరు మూసుకుని ముక్కుతో పీల్చరా."

తలుపు మూసుకుంది. రబ్బరు వాసన. గోడలో పంపు రొద. చిన్న అద్దం అవతల మేడం మొహం. కాసేపటికి మా వాడి గోళ్ళు నీలం తిరిగాయి. నా చెవుల్లో హోరు. ఈపాటికి ఇద్దరి గీతలూ మారి ఉండాలి. కానీ పంపు ఆగలేదు.

స్పీకర్‌లో మేడం గొంతు వినిపించింది. "ఇన్‌ఛార్జిగారూ... మూడో పట్టీ ఎవరు కట్టుకున్నారు?"

ఎవరూ కట్టుకోలేదు. అదనంగా ఉంచే ఆ పట్టీ గోడ కొక్కేనికి వేలాడుతోంది. కానీ... లోపల ఛాతీ ఉన్నట్టు గుండ్రంగా, బిగుతుగా ఉంది.

"దాని గీత మారడం లేదండీ. స్కేలు పెట్టి గీసినట్టుంది."

"మీట నొక్కండి!"

"తాళం..."

తాళంచెవి నా జేబులో ఉంది. నాతోపాటే, లోపల.

లేచి పట్టీని పట్టుకు లాగాను. ఊడలేదు. చల్లగా తగిలింది. నా చేతి కింద మెల్లగా ఉబ్బింది... తగ్గింది... మళ్ళీ ఉబ్బింది.

వెనక నుంచి గుసగుస. "బావా... నా కుర్చీలో ఎవరో..."

"ఎవరూ లేరు. నా వైపు చూడు."

"జరగమంటున్నారు. కొంచెం చోటిస్తే... తలుపు తీస్తారట."

"జరగకురా!"

జరిగాడు.

పంపు ఆగింది. తలుపు గడియ వదిలింది. వాడి జబ్బ పట్టుకుని బయటికి ఈడ్చాను. వెనకాలే తలుపు దానంతటదే మూసుకుంది. నేను రొప్పుతున్నాను. వాడు రొప్పడం లేదు. చొక్కా సర్దుకుని నవ్వాడు.

"పదండి, ఇంటికి వెళ్దాం," అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు నన్ను 'మీరు' అన్నది లేదు.

మేడం తెర చూపించింది. వాడి గీత స్కేలు పెట్టి గీసినట్టుంది. మూడో గీత ఎగిసెగిసి పడుతోంది, బెదిరిపోయిన మనిషి గుండెలా.

తాళం తీసి మీట నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను. తలుపు కదల్లేదు. అద్దంలోంచి చూస్తే రెండు కుర్చీలూ ఖాళీ. పంపు ఆగిపోయే ఉంది.

అయినా లోపలి ఆక్సిజన్ చూపే ముల్లు, ఎవరో పీల్చుకుంటున్నట్టు, కొంచెం కొంచెంగా కిందికి దిగుతోంది...