బెదరని రక్తం

మిట్టమధ్యాహ్నం... కానీ కబేళాలో లైటు వేసుకోవలసినంత చీకటి! కారుమబ్బులు రేకుల కప్పు మీదికే దిగివచ్చినట్టున్నాయి. వేళగాని వేళ ఎక్కడో గుడ్లగూబ అరిచింది. ఉరిమినప్పుడల్లా మాంసం తగిలించే ఇనుప కొక్కేలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి.

గోడవారగా ఆడపడుచు... జుట్టు విరబోసుకుని, కనుగుడ్లు పైకి తిప్పి, మగగొంతుతో గుర్రుమంటోంది. ఆమెకి పిశాచాన్ని పట్టించిన మంత్రగాడు ఒళ్ళో పుర్రెతో ఎదురుగానే కూర్చున్నాడు.

ఆ కబేళా నడిపే వదినకి ఒళ్ళు మండిపోతోంది. తనతో పెళ్ళికి ఒప్పుకోలేదని పిల్లకి ఇంత పని చేశాడు.

"చూస్తావేం, మేకని కొయ్యి. ఈ పుర్రె నిండితే మీ పిల్ల జన్మంతా నా మాట వింటుంది. కొయ్యనంటావా, ఇప్పుడే దాని పీక నొక్కిస్తాను."

"ముందు కాళ్ళు కడుక్కో. ఆ పుర్రెకి మూత పెట్టు, ఈగలు ముసురుతున్నాయి. జనం తినే మాంసం కోసే చోటిది."

"నోరెక్కువే నీకు. మేకని తరిమి, కొట్టి మరీ కొయ్యి. నా పిశాచం తినేది రక్తాన్ని కాదు, అందులోని భయాన్ని."

ఆ మాట వదిన పట్టుకుంది. భయపడి చచ్చిన జంతువు మాంసం ఆమె ఎరిగినదే. నల్లబడి, జిగటగా, సాయంత్రానికే పాడైపోతుంది. భయమే లేకపోతే? ఆకలిగొన్న పిశాచం పిల్ల మీదే పడితే?

పడినా సరే, వాడికి బానిసను చెయ్యను అనుకుంది.

"నువ్వు అరిస్తే నా చెయ్యి వణుకుతుంది. నోరు మూసుకుని కూర్చో."

"తరమకపోతే మాత్రం? చావు వాసన దానికి తెలుస్తుందిలే," అని నవ్వాడు మంత్రగాడు. బెదరకుండా చచ్చే జంతువుంటుందని అతనికి తోచనే లేదు.

వదిన పాత నెత్తురు వాసన పోయేదాకా నేల కడిగింది. కత్తిని గోడ చాటున నూరింది. మేకకి నీళ్ళు పెట్టి, దాని జతమేకని పక్కన నిలబెట్టి, మెడ నిమిరింది. అది నెమరువేస్తూ ఉండగానే నడినెత్తి మీద చిన్న తుపాకీ ఆనించి నొక్కింది. గుండు బయటికి రాని తుపాకీ అది. ప్రాణికి స్పృహ తప్పిస్తుంది, అంతే. మేక కూలగానే గొంతు కోసింది.

మంత్రగాడు పట్టిన పుర్రె నెత్తురుతో నిండింది. కంటిగుంటల్లో ఎర్రని జ్వాల రగిలి... ఆరిపోయింది!

"ఇందులో ఏమీ లేదు," అని పిల్ల గొంతులోంచి పిశాచం ఘోషించింది. "నా ఆహారం ఏదిరా?"

మంత్రగాడి మొహం పాలిపోయింది. పెదవులు వణికి మంత్రం తడబడింది. వదినకీ భయం వేసేదే, కోపం దానికి చోటివ్వలేదు. జతమేక నెమరువేస్తూనే ఉంది. ఆ గదిలో భయంతో వణుకుతున్న ప్రాణి అతనొక్కడే!

నల్లని సుడిగాలి ఒకటి పిల్ల ఒంట్లోంచి లేచి అతని మీద విరుచుకుపడింది.

"వద్దు... నేను నీ యజమానిని..."

కేక మధ్యలోనే తెగింది. పుర్రె పగిలింది. అతను కూర్చున్నచోట పిడికెడు బూడిద మిగిలింది.

"వదినా... దాహం," అంది పిల్ల, తన సొంత గొంతుతో.

నీళ్ళు తాగించి, వదిన ఆ మేకని పూడ్చెయ్యడానికి పక్కకి లాగింది. పుర్రెకి నెత్తురిచ్చిన మేక మాంసం ఎవరి నోటికీ పోకూడదు.

"పాపం, అది బాధపడిందా?"

"లేదమ్మా. దానికేమీ తెలియలేదు."

"మరి వాడు?"

"వాడికి అంతా తెలిసింది," అంటూ వదిన బూడిద మీద బకెట్టెడు నీళ్ళు కుమ్మరించింది.