రేడియేటర్‌లో సబ్బు నురగ

ఎత్తురోడ్డు మలుపులో ఉన్న ఆ బావి దగ్గర చీకటిపడ్డాక బండి ఆపకూడదంటారు. ఆపితే ఎవరో నీళ్ళు తోడి ఇస్తారట... మంచినీళ్ళే. తీసుకున్నవాడు మాత్రం తిన్నగా ఇల్లు చేరడట.

మెకానిక్ మేస్త్రీ ఈ మాటలకు నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు? అక్కడ చచ్చిపోయిన లారీ డ్రైవరు సంగతి అందరికన్నా అతనికే బాగా తెలుసు. కారుతున్న ఆ లారీ రేడియేటర్‌కి అతుకు వెయ్యడానికి బద్ధకించి, లోపల సబ్బు అరగదీసి పోసింది ఈ మేస్త్రీయే. అది సన్న గొట్టాల్లో పేరుకుని, ఈ ఎత్తు ఎక్కుతుండగానే ఇంజను ఉడికిపోయింది. నీళ్ళ కోసం బావిలోకి వంగిన డ్రైవరు అందులో పడి మళ్ళీ పైకి రాలేదు. "తాగి, నీళ్ళు చూసుకోకుండా తోలాడు" అని ఊరంతా టముకు వేసిందీ అతనే.

ఆ రాత్రి మేస్త్రీ వ్యానే అక్కడ మొరాయించింది.

వేడి ముల్లు ఎర్రగీత దాటింది. దిగి చూశాడు. బెల్టు తెగలేదు... ఫ్యాను బాగానే ఉంది... పైపులు గట్టిగానే ఉన్నాయి. ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగాడు — ఆయిలంతా పాలటీలా ఉంది!

"గ్యాస్కెట్ పోయింది," గొణిగాడు. "నీళ్ళు ఆయిల్లో కలిశాయి. అసలు ఇంత వేడెందుకెక్కినట్టు?"

చీకట్లో బావి గిలక కిర్రుమంది.

ఉలిక్కిపడి తిరిగితే — కాళ్ళ దగ్గర నిండు బకెట్.

ఇంజను కాస్త చల్లారాక, గుడ్డ వేసి రేడియేటర్ మూత తిప్పాడు. బుసబుసా నురగ... సబ్బు వాసన.

"ఎందుకు పోయింది మేస్త్రీ?"

టార్చి వెలుగు. చచ్చిపోయిన ఆ డ్రైవరు చెల్లెలు.

"నువ్వా తల్లీ! నా ప్రాణం పోయిందనుకో..."

"నీది పోలేదుగా. మా అన్నది పోయింది. నీ వ్యాన్లో సబ్బు పోసింది నేనే. నీ పనితనమేగా, నీకు తెలీకపోతే ఎట్లా? చెప్పు, ఇంజను ఎందుకు పోయింది?"

"సబ్బు... పేరుకుపోయి..."

"ఆ లారీది?"

మేస్త్రీ తలవంచుకున్నాడు. "అదీ అంతేనమ్మా," అని గుసగుసగా అన్నాడు. "నేనే పోశాను. మీ అన్న తప్పేం లేదు."

"రేపు నీ షెడ్డు ముందు, నలుగురిలో ఈ మాటే అనాలి."

"అంటాను తల్లీ. పగబట్టి కూడా బకెట్‌తో నీళ్ళు తెచ్చిపెట్టావు..."

"నీళ్ళా? నేను ఉత్త చేతులతో వచ్చాను."

ఆమె టార్చి బావి మీదికి తిప్పింది. ఒకప్పుడు గిలక కట్టిన రెండు రాతి స్తంభాలు నిలబడి ఉన్నాయి, అంతే. గిలకా లేదు, తాడూ లేదు.

లోతులోంచి చల్లగా వినిపించింది —

"బిగ్గరగా చెప్పు మేస్త్రీ... నాకు వినపడలేదు."