దిష్టిబొమ్మ పాదం

పరుగు...

పరుగు... పరుగు!

హేమప్రియ సందులోకి మలుపు తిరిగింది. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు.

చూడక్కర్లేదు కూడా. ఆ బూట్ల చప్పుడు సురేంద్రన్‌దే!

ఇప్పుడిప్పుడే చీకటి పడింది. గుడియాత్తంలో గంగమ్మ సిరసు పండగ. అమ్మవారి తల ఊరేగింపు. ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఈ సందులో మాత్రం పురుగు కూడా లేదు.

మెడలో కెమెరా టపటపా కొట్టుకుంటోంది.

దానికోసమే వాడు వస్తున్నాడు.

దానికోసమూ... తనకోసమూ!

ఎస్టీడీ బూత్! లోపల లైటు వెలుగుతోంది! గాజు తలుపు పట్టి లాగింది.

తాళం!

ఓనరు కూడా పండక్కే పోయినట్టున్నాడు. అయినా ఫోన్ ఎవరికి చేస్తుంది? అమ్మానాన్నలు మలేషియాలో ఉన్నారు. ఈ దేశంలో తనకు తెలిసినవాడు ఒక్కడే.

ఆ ఒక్కడే ఇప్పుడు తరుముతున్నాడు!

వేలూరులో నర్సింగ్ క్లాసులు సోమవారం మొదలు. అప్పటిదాకా హాస్టల్ తెరవరు. ఆ ఊళ్ళోనే సత్తువాచారిలో మేడమీద గది అద్దెకిచ్చాడు కాంట్రాక్టర్ సురేంద్రన్. "నువ్వు మా పాప మాదిరి" అన్నాడు. కోట చూపించాడు. కందకం చుట్టూ తిప్పాడు. ఐస్‌క్రీమ్ కొనిపెట్టాడు. ఎంత మంచివాడో అనుకుంది, పిచ్చిది!

ఈ సాయంత్రం గుడియాత్తం పండగ చూపిస్తానని కారెక్కించాడు. ఊరి చివర తను కడుతున్న మిద్దె దగ్గర ఆపాడు.

"ఒక్క నిమిషంలో వచ్చేస్తా. కారు దిగొద్దు మా."

దిగింది! సముద్రం దాటి వచ్చింది కారులో కూర్చోడానికా?

సగం కట్టిన మిద్దెకు దిష్టిబొమ్మ వేలాడుతోంది. ప్యాంటు, చొక్కా, పాత బూట్లు. తలకాయకు బదులు కుండ. కుండమీద సున్నంతో గీసిన మీసాలు. చిన్నప్పుడు అవ్వ చెప్పిన బొమ్మ ఇదే! సరదా పడి ఫ్లాష్ కొట్టింది.

ఒక బూటు జారిపోయి ఉంది.

ప్యాంటు కాలిలో గడ్డి లేదు.

పాదం ఉంది!

గోళ్ళున్న పాదం... బొటనవేలు లేని పాదం!

"ఏం తీసినావు మా?"

వెనకే సురేంద్రన్. నవ్వుతూనే చెయ్యి చాపాడు. "కెమెరా ఇట్లియ్యి."

రెండో చేతిలో కత్తి!

అంతే. అప్పుడు మొదలుపెట్టిన పరుగు.

సందు తిరిగింది. వెలుగు... జనం... పంబ వాద్యాల మోత! ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది.

"కాపాడండి! హత్య! హత్య!"

తలలన్నీ తిరిగాయి. జుట్టు విరబోసుకుని, ఒంటి చెప్పుతో, నిలువెల్లా వణుకుతున్న పిల్ల.

వెనకనుంచి సురేంద్రన్ గొంతు!

"అమ్మ వచ్చేసింది! మా పాపకు అమ్మ వచ్చేసింది! పట్టుకోండప్పా!"

పట్టుకున్నారు!

గంగమ్మ పండగనాడు ఒక ఆడపిల్ల వణుకుతూ కేకలు పెడితే అమ్మవారు పూనిందని కాక ఇంకేమనుకుంటారు? నెత్తిమీద బిందెడు పసుపునీళ్ళు పడ్డాయి. రెండు చేతుల్లో వేపమండలు పెట్టారు. ఎవరో కర్పూరం వెలిగించారు.

"కాదు! నాకేం రాలేదు! వీడు మనిషిని చంపాడు!"

"ఉగ్రంగా ఉండాది తల్లి!" అంటూ ఒకావిడ లెంపలేసుకుంది.

ఎంత అరిస్తే అంత గట్టిగా మొక్కుతున్నారు. హేమకు ఏడుపొచ్చింది.

సురేంద్రన్ సొంత మనిషిలా వచ్చి భుజం పట్టుకున్నాడు. కెమెరా లాగి జేబులో వేసుకున్నాడు. ఫోటో పోయింది... ఇక మిగిలింది తన మాటొక్కటే! వాడి కండువా కిందనుంచి కత్తిమొన డొక్కలో గుచ్చుకుంది.

"కారు దాకా నడువు" చెవిలో అన్నాడు. "అరిస్తే ఈడనే పొడిచేస్తా."

అప్పుడు ఒకామె కాళ్ళమీద పడింది.

సిమెంటుకు పగిలిన చేతులు. చేతిలో సిరసుకు కొట్టడానికి తెచ్చిన టెంకాయ.

"తల్లీ! నేను చెల్లమ్మను... మేస్త్రీ అంకప్ప పెండ్లాన్ని. నిన్న పనికి పోయినోడు ఇంటికి రాలేదు. కాంట్రాక్టరు కట్టించిన మిద్దె కూలిపోయిన సంగతి పోలీసోళ్ళకు చెప్తానన్నాడమ్మా! యాడుండాడో చెప్పు తల్లీ! ఇటికరాయి పడి కాలి బొటనవేలు పోయినోడు... దూరం నడవలేడు..."

బొటనవేలు!

కత్తి ఇంకాస్త గుచ్చుకుంది.

"తప్పుకోండి, పాపకు నీరసంగా ఉండాది" సురేంద్రన్ తోస్తున్నాడు.

"ఆగు నాయనా!" పంబ కొట్టే ముసలాయన చౌడప్ప అడ్డం నిలబడ్డాడు. "అడిగినదానికి అమ్మ పలకాల. పలక్కుండా పంపకూడదు."

ఎవరూ కదల్లేదు. దారి ఇవ్వలేదు.

హేమకు అవ్వ రుక్మిణమ్మ గుర్తొచ్చింది. మలేషియాలో, రబ్బరు తోటల నడుమ గుడిలో, అవ్వకు అమ్మ వచ్చేది. ఎవరి మాటా వినని నాన్న కూడా చేతులు కట్టుకుని నిలబడేవాడు.

తను చెప్తే ఎవరూ వినరు.

అమ్మ చెప్తే?

కాళ్ళు వణుకుతున్నాయి. వణకనీ! భయంతో పళ్ళు టకటకమంటున్నాయి. అననీ! ఊగింది. వేపమండలు గాలిలో విసిరింది. అవ్వ గొంతు తెచ్చుకుంది.

"ఒసే చెల్లమ్మా!"

పంబ ఆగిపోయింది.

"నీ మొగుడు యాడికీ పోలేదే! ఊరి చివర కొత్త మిద్దెకు దిష్టిబొమ్మయి వేలాడుతుండాడు! కుండ తీసి మొహం చూడండ్రా! చంపినోడు... ఇదిగో... నా వెనకే ఉండాడు!"



"అబద్ధం!" సురేంద్రన్ గొంతు చీలింది. "ఇది పిచ్చిది! దీనికి ఏ అమ్మా రాలేదు!"

చౌడప్ప మెల్లగా అడిగాడు.

"నువ్వే గదయ్యా... అమ్మ వచ్చిందంటివి?"

సురేంద్రన్ వెనక్కి అడుగు వేశాడు.

హేమ మెడ చుట్టూ చెయ్యి వేసి లాగాడు. కండువా జారిపోయింది. కర్పూరం వెలుగులో కత్తి తళుక్కుమంది!

"దారి వదలండి! వదలకపోతే దీన్ని పొడిచేస్తా!"

"అమ్మ మీద కత్తా!" ఎవరో అన్నారు.

అప్పుడు చూశాడు వాడు... చుట్టూ ఉన్న చేతుల్ని.

ప్రతి చేతిలోనూ టెంకాయ!

చెల్లమ్మ లేచి నిలబడింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు ఆగిపోయాయి.

"తల్లీ... తల వంచు."

హేమ వాడి మణికట్టు కసిగా కొరికింది. కత్తి చెయ్యి వదులైంది. తను కిందికి వంగిపోయింది.

ఠప్!!