కాడలు సాగిన సంచులు

పుట్టగొడుగులంటే వానకు వాటంతటవే మొలిచేవని అందరూ అనుకుంటారు గానీ, ఇంట్లో పెంచి చూస్తే తెలుస్తుంది, వాటికంటే చంటిపిల్లలు నయం. తడి ఎక్కువైతే కుళ్లుతాయి, తక్కువైతే ఎండుతాయి, చేతులు కడుక్కోకుండా ముట్టుకుంటే పచ్చబూజు పడుతుంది. పుట్టగొడుగులక్కకు ఇవన్నీ కొట్టిన పిండే. వీధిలో ఆమెకు ఆ పేరే స్థిరపడింది. భర్త పోయి రెండు నెలలైనా, వెనకగదిలో వేలాడదీసిన గడ్డిసంచులకు పూట తప్పకుండా నీళ్లు చల్లుతూనే ఉంది. ఏడవలేదు. ఏడుపు రావాలిగా మరి.

ఈసారి తెగులు మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. మిగతా సంచులన్నీ అరచేతులంత గొడుగులు విప్పాయి. మంచం పక్కన వేలాడే మూడింటికి మాత్రం కాడలు జానెడు సాగి, చివర బఠానీ గింజంత గొడుగులు మిగిలాయి. ఆ మంచం మీదే ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో ఆరు నెలలు బాధపడి పోయాడు. పరుపు తీసేసింది గానీ, మంచం తీయడానికి చేతులు రాలేదు.

సంచులు మార్చి చూసింది. మంచం పక్కవి గుమ్మం దగ్గరికి, గుమ్మం దగ్గరివి మంచం పక్కకి. వారం తిరిగేసరికి గుమ్మం దగ్గర కొత్తగా వచ్చినవి చక్కగా విచ్చుకున్నాయి. మంచం పక్కన మళ్లీ కాడలే.

మంచం పక్క సంచులే ఇలా అవుతున్నాయని విత్తనం అమ్మే ఆవిడకు ఫోన్ చేస్తే, మనుషులు వదిలిన గాలి గదిలో నిలిచిపోతే అలాగే సాగుతాయంది. కిటికీ తీసే ఉంచుతున్నానని అక్క చెప్పింది.

"ఆ మంచం మీద ఎవరు పడుకుంటున్నారక్కా?"

"ఎవరూ లేరు."

చెప్తూనే ఆ రోజు గుర్తొచ్చింది. గుర్తు రాని రోజేది లెండి. ఆఖరి మధ్యాహ్నం ఆయన ఊపిరాడక కిటికీ వైపు చేయి చూపించాడు. సంచులు అప్పుడే మొలకేస్తున్నాయి. కిటికీ తీస్తే సన్న ఈగలు దూరి పంటంతా నాశనం చేస్తాయి. కాస్త ఓర్చుకోండి, సాయంత్రం తీస్తానంది. సాయంత్రానికి ఆయన లేడు. పంట మాత్రం దక్కింది.

మర్నాడు పట్టపగలే విత్తనాలావిడ వచ్చింది, వదిలిన ఊపిరి గదిలో ఎంతుందో అంకెల్లో చూపే చిన్న మీటరు పట్టుకుని. లోపల మసక, తడిగడ్డి వాసన, ఏదో సంచి నుంచి బొట్లుబొట్లుగా నీళ్లు. గుమ్మం దగ్గర మీటరు ఐదువందలు చూపింది. ఖాళీ మంచం మీద పెట్టగానే రెండువేలు. ఆవిడ నమ్మలేక, మళ్లీ గుమ్మం దగ్గరికొచ్చి తానే దాని మీద ఊదింది. అంకె ఎగిరింది. అది తగ్గాక అక్కను ఊదమంది.

అక్క ఊదింది. ఐదువందలు. ఇంకోసారి గట్టిగా ఊదింది. ఐదువందలే.

విత్తనాలావిడ ఆమె ముఖంలోకి చూడలేదు. మీటరు పాడైనట్టుందని గొణిగి, దాన్ని ఆమె చేతిలోనే వదిలేసి వెళ్లిపోయింది.

అక్క మీటరును మంచం మీద పెట్టింది. ఎదురుగోడకు ఆనుకుని మెల్లగా ఊపిరి వదిలింది. మంచం మీద అంకె పెరిగింది. మళ్లీ వదిలింది... మళ్లీ పెరిగింది. ముక్కు కింద వేలు పెట్టి చూసుకుంది. గాలి తగల్లేదు... వెచ్చదనం కూడా లేదు. తన ఊపిరి ఆయన వాడుకుంటున్నాడు. భయం వేయాలి. వేయలేదు.

"అడిగిన రోజు ఇవ్వలేదు," అంది గుసగుసగా. "తీసుకోండి."

మంచం పట్టె కిర్రుమంది.

ఆమె నోరు మూసుకుంది. ముక్కు కూడా గట్టిగా నొక్కుకుని, చూస్తూ నిలబడింది. చాలాసేపు. ఎంతసేపైనా ఆమెకు ఉక్కిరిబిక్కిరి కాలేదు. మంచం మీద అంకె మాత్రం పెరుగుతూనే ఉంది...