రెండో డిస్కు

"ఈ డిస్కు చేసింది మీరేనా?" అంటూ ఆ అమ్మాయి కవరును కౌంటరు మీద పెట్టింది. పెట్టింది అనేకంటే కొట్టింది అనడమే సరైన మాట.

అతను కంప్యూటర్ మీంచి తలెత్తాడు. "నేనేనండి. ఏమైంది, ఆడడం లేదా?"

"డిస్కు బాగానే ఆడుతోంది. మా అమ్మే మిమ్మల్ని ఆడిపోసుకుంటోంది."

"నన్నా? నేనెవరో ఆవిడకి తెలియదు కదా."

"పేరు తెలియదు. 'ఆ మెట్లెక్కే షాట్ కోసిన వెధవ' అంటోంది."

అతనికి విషయం అర్థమైంది. అప్పట్లో వీధికొక డిస్కుల షాపు ఉండేది. పెళ్ళి వీడియోలు, పాత సినిమాలు, ఏది తెచ్చినా డిస్కులోకి ఎక్కించి ఇవ్వడం అతని పని. ఈ సినిమా మూడు గంటల పైచిలుకు. కంపెనీవాళ్ళే రెండు డిస్కులుగా అమ్మారు. ఈ అమ్మాయి దాన్ని ఒక్కదాంట్లో సర్దమంది.

"చోటు చాలలేదండి. కథకి అడ్డం రానివి ఓ నాలుగైదు షాట్లు తీసేశాను. మెట్లెక్కడం, కిటికీలోంచి చూడడం, అలాంటివి. ఎవరూ గమనించరనుకున్నా."

"మా అమ్మ గమనించింది."

"పెద్దావిడకి జ్ఞాపకశక్తి బాగానే ఉందే."

ఆ అమ్మాయి ముఖంలో కోపం పోయింది. దాని స్థానంలో వచ్చినదాన్ని చూశాక కోపమే నయమనిపించింది అతనికి.

"పొద్దున భోజనం చేసిందో లేదో అమ్మకి గుర్తుండదు. ఒక్కోరోజు నేనెవరో కూడా గుర్తుండదు. కానీ ఆ సినిమా ఎడిట్ చేసింది అమ్మే. అందులో ఏ షాట్ తర్వాత ఏ షాట్ రావాలో, అదొక్కటే మిగిలింది."

అతని నాలుక చివరన ఒక జోకు సిద్ధంగా ఉంది. దాన్ని మింగేశాడు.

"మళ్ళీ చేస్తాను. ఒక్క షాట్ కూడా తీయకుండా."

రెండోసారి సినిమా మొత్తం ఎక్కించాడు. ఉన్న చోటును మొదటి నుంచి చివరిదాకా సమానంగా పంచేశాడు. ఆ అమ్మాయి షాపులోనే పెట్టించుకుని చూసింది. వాన సీను దగ్గర చెయ్యెత్తి ఆపమంది.

"ఇదేంటి?"

"వాన."

"వాన చినుకుల్లా పడుతుంది కదా. ఇక్కడ గోడకి పలకలు అతికించినట్టుంది. ఇది బాగుందనే ఇస్తున్నారా? మీరోసారి మా షాపుకి రండి. కళ్ళు పరీక్ష చేస్తాను."

"మీదేం షాపు?"

"కళ్ళద్దాలది. రోజూ అక్షరాలు చదివించేది నేనే. మీకు మాత్రం మొదటి లైను కూడా కనపడేలా లేదు."

అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వబోయి, ఎందుకో మధ్యలోనే మానేసింది. ఆ సగం నవ్వు అతన్ని రెండు రోజులు వెంటాడింది.

ప్రేమకథల్లో వానంటే అందరికీ ఇష్టమే. డిస్కులు చేసేవాడికి మాత్రం వానకంటే పెద్ద శత్రువు లేదు. మనిషి కదలకుండా కూర్చున్న సీనుకి ఎంత తక్కువ చోటిచ్చినా సర్దుకుంటుంది. వానలో ప్రతి చినుకూ కదులుతుంది. ఎంతిచ్చినా చాలదంటుంది. ఇవ్వకపోతే బొమ్మంతా గళ్ళు గళ్ళుగా విరిగిపోతుంది.

"రెండు డిస్కులుంటే నష్టమేంటండి? మొదటిది అవగానే రెండోది పెడితే పోయేదానికి," అన్నాడు ఉండబట్టలేక.

"సాయంత్రం ఇంటికి రండి. మీకే తెలుస్తుంది."

వాళ్ళ ఇల్లు మేడ మీద రెండు గదులు. ఒక గదిలో టీవీ, దానికెదురుగా పేము కుర్చీ, కుర్చీలో వాళ్ళమ్మ. సన్నటి మనిషి, ముఖం ప్రశాంతంగా ఉంది. సినిమా నడుస్తోంది. షాటు మారినప్పుడల్లా ఆవిడ చూపుడు వేలు కుర్చీ చేతి మీద చిన్నగా తట్టేది. సరిగ్గా మారే క్షణానికే. ఒక్కసారి కూడా తప్పలేదు.

"కొత్తగా చేరావా?" అంది అతన్ని చూసి.

అతను అమ్మాయి వైపు చూశాడు. అవునని తలూపమన్నట్టు కళ్ళతోనే చెప్పింది.

"అవునండి."

"అసిస్టెంటువి నిలబడి చూస్తే ఎలా? కూర్చో. కళ్ళు తెరపై పెట్టు. నా వైపు కాదు, దాని వైపు అంతకన్నా కాదు."

అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. అతను బుద్ధిగా తెర వైపు తిరిగాడు.

మొదటి డిస్కు అయిపోయింది. తెర నీలంగా మారింది.

అమ్మాయి అప్పటికే రెండో డిస్కు చేతిలో పట్టుకుని ఉంది. ఎంత తొందరగా మార్చినా ప్లేయరు దాన్ని మింగి, గిరగిరా తిప్పి, బొమ్మ చూపించేలోపల కాస్త సమయం పడుతుంది. ఆ కాస్తలోనే పెద్దావిడ లేచి నిలబడింది.

"మిగతా రీళ్ళేవి? ల్యాబ్ నుంచి రాలేదా? ఎవరు పట్టుకెళ్ళారు?"

"వచ్చేశాయమ్మా, ఇదిగో పెట్టాను, కూర్చో."

"నువ్వెవరు నా రూములో? నా రీళ్ళు ఏం చేశావు?"

అలమర తీసింది. బట్టలు కింద పడేసింది. దిళ్ళు తిరగేసింది. కూతురు చెయ్యి పట్టుకోబోతే విదిలించి కొట్టింది. వెనక తెర మీద రెండో సగం మొదలైంది. ఆవిడ ఒకసారి దాని వైపు చూసి, "ఇదేం సినిమా? ఇది నాది కాదు," అని నేల మీద కూలబడి ఏడ్చింది. మొదటి సగం అప్పటికే ఆవిడ తలలోంచి వెళ్ళిపోయింది.

అమ్మాయి బట్టలు ఏరుకుంటూ మామూలుగా చెప్పింది. "రోజూ ఇంతే. చూపించకపోతే పొద్దున్నుంచీ సినిమా కావాలని గొడవ. చూపిస్తే ఇది. మా అక్కా బావా పెద్దవాళ్ళని చూసుకునే హోమ్‌లో చేర్పిద్దామంటున్నారు. వాళ్ళ ఊళ్ళో ఒకటుంది. నెలాఖరులోగా తగ్గకపోతే తీసుకెళ్ళిపోతారు."

ఆమె ముంజేతి మీద గోళ్ళు గీరిన గీతలు పాతవీ కొత్తవీ కనిపించాయి. 'రెండోది పెడితే పోయేదానికి' అని అంతకుముందు తను అన్న మాట గుర్తొచ్చి, అతనూ వంగి బట్టలు ఏరసాగాడు.

మూడోసారి అతను పనిని పనిలా చేయలేదు. సినిమాని కంప్యూటరుకి రెండుసార్లు చూపించే పద్ధతి ఒకటుంది. మొదటిసారి అది ఊరికే చూసి, ఎక్కడ కదలిక ఎక్కువో ఎక్కడ తక్కువో లెక్క వేసుకుంటుంది. రెండోసారి ఆ లెక్క ప్రకారం చోటు పంచుతుంది. అదీ చాలకపోతే మనిషి కూర్చుని సీను సీనుకీ సర్దాలి. ఆ సర్దడానికి ఆమె రోజూ భోజనం వేళ వచ్చేది.

"ఈ గదిలో సీను?"

"ఇక్కడ తగ్గించండి. అమ్మ ఇక్కడ మాటలే వింటుంది."

"స్టేషను?"

"అది ముట్టుకోకండి."

"అన్నీ ముట్టుకోవద్దంటే ఎలాగండి? ఇది డిస్కు, గోడౌను కాదు."

"మరి మీ షాపు పేరు వస్తుంది కదా మొదట్లో, అది తీసేయండి. బోలెడు చోటు మిగులుతుంది."

మాట పడేశాక ముఖం మామూలుగా పెట్టడం ఆమెకి బాగా వచ్చు. కంపెనీ ప్రకటనలు తీసేశాడు. పాటలు ఎంచుకునే పేజీ తీసేశాడు. షాపు పేరూ తీసేశాడు. ఇలా మిగిల్చిందంతా వానకి ధారపోశాడు.

అన్నీ సరిపోయిన రోజు ఆమె తెర మీద వానని చాలాసేపు చూసింది. చినుకులు విడివిడిగా, సన్నగా, వెలుతురులో మెరుస్తూ పడుతున్నాయి.

"ఇప్పుడు మీ కళ్ళు బాగున్నాయి," అంది.

"డిస్కు అయిపోయింది. రేపటి నుంచి మీరు రారు కదా."

"రాను."

"అయితే ఇది పాడైతే బాగుండునని ఉంది."

ఆమెకి అర్థమైంది. తల దించుకుని డిస్కును కవరులో పెట్టుకుంది. "అలా అనకండి. నేను పొద్దున లేస్తే అమ్మ, పడుకుంటే అమ్మ. నన్ను చూసి అమ్మే ఎవరు నువ్వంటుంటే, ఇంకొకరికి నేనేమని చెప్పుకోను? సినిమా అయితే మీరు సర్దగలిగారు. దీన్ని సర్దలేరు. వదిలేయండి."

"సాయంత్రం ఒక్కసారి వచ్చి చూసి వెళ్తాను. ఎలా ఆడుతుందో."

కాదనలేదు ఆమె.

ఆ సాయంత్రం సినిమా మొదలైంది. వాన వచ్చింది, వెళ్ళింది. నీలం తెర వచ్చే చోటు దగ్గరపడుతుంటే అమ్మాయి అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నట్టు ఆమెకి తెలియదు. ఆ చోటు దాటిపోయింది. పెద్దావిడ వేలు తట్టుతూనే ఉంది. చివరి రీలు, చివరి షాటు. తెర నల్లబడింది.

ఆవిడ వెనక్కి వాలింది. ముఖంలో ఎంత తృప్తంటే, వయసు సగం తగ్గినట్టు కనిపించింది.

"అయిపోయింది. ఇక ల్యాబ్‌కి ఇచ్చేయండి," అంది. ఎవరినీ ఎవరని అడగకుండా తనంతట తనే వెళ్ళి పడుకుంది.

గుమ్మం బయట అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడిపోయింది. అతను మెట్లు దిగుతుంటే కాళ్ళు నేల మీద ఆనలేదు.

మర్నాడు పెద్దావిడ సినిమా అడగలేదు.

ఆ మర్నాడూ అడగలేదు. డిస్కు పెడితే కిటికీ వైపు చూసింది. వేలు కదలలేదు. గొడవ లేదు, ఏడుపు లేదు, అలమర తీయడం లేదు. తర్వాత తిండి అడగడం మానేసింది. తర్వాత మాట మానేసింది. ఇన్నేళ్ళూ ఆ మనిషిని నిలబెట్టింది ఆ పూర్తికాని పనేనని, దొరకని ఆ సగం కోసమే ఆవిడ రోజూ లేచేదని వాళ్ళకి తెలిసేసరికి ఆవిడ లోపల ఎక్కడికో వెళ్ళిపోయింది. అతను పాత రెండు డిస్కులూ పట్టుకుని పరుగెత్తాడు. మధ్యలో నీలం తెర వచ్చింది. అమ్మాయి కావాలనే డిస్కు మార్చకుండా నిలబడింది. "అమ్మా, రీళ్ళు రాలేదమ్మా, వెతుకుదామా?" అని బతిమాలింది. ఆవిడ నీలం తెరను చూస్తూ కూర్చుంది.

అక్కా బావా వచ్చి తీసుకెళ్ళారు. అమ్మాయి ఉద్యోగం మానేసి వెంట వెళ్ళింది. వెళ్ళేముందు షాపు దగ్గర ఆగింది.

"మీరు రాకండి అక్కడికి."

"నామీద కోపమా?"

"తెలియదు. రాకండి అంతే."

అతను షాపైతే తెరిచేవాడు, కానీ పని చేయలేకపోయాడు. పెళ్ళి వీడియోల్లో ఎవరో నవ్వుతుంటే కట్టేసి బయట నిలబడేవాడు. ఎవరైనా సినిమా ఒక్క డిస్కులో సర్దమంటే కుదరదని పంపేసేవాడు. తను చేసిన మంచి పని ఒక మనిషిని ఆర్పేసింది. దానికి ఎవరిని క్షమాపణ అడగాలో కూడా తెలియలేదు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి అక్క షాపుకి వచ్చింది. మేడ గదులు ఖాళీ చేయడానికి వచ్చానంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నీ గురించి మొదట్లో నాకు మంచి అభిప్రాయం లేదు బాబూ. ఆ సినిమా పిచ్చి ముదరబెడుతున్నావనుకున్నా."

"నిజమేనండి."

"కాదు, విను. మా చెల్లి ఈ వీధిలో వాళ్ళందరి గురించీ ఫోన్‌లో అడుగుతుంది. పాలవాడి దగ్గర్నుంచీ. నీ ఒక్కడి గురించే అడగదు. అప్పుడే నాకర్థమైంది. అది ఏడవదు, నవ్వదు. అమ్మ పక్కన కూర్చుని అమ్మలాగే అయిపోతోంది. ఇద్దర్ని పోగొట్టుకోలేను. వెళ్ళి చూడు. మా ఇంట్లో ఎవరూ కాదనరు. నేను చెప్తాను మీ బావకి."

మీ బావ అన్న మాటకి అతను తల తిప్పుకుని కౌంటరు తుడిచాడు.

హోమ్‌లో పొడుగాటి వరండా, కిటికీల పక్కన కుర్చీలు. ఆమె వాళ్ళమ్మకి గోళ్ళు తీస్తోంది. చిక్కిపోయింది. అతన్ని చూసి ఆశ్చర్యపోలేదు.

"అక్క చెప్పిందా?"

"ఆఁ."

"డాక్టరు ఏమన్నాడో కూడా చెప్పిందా? ఇక మాట్లాడదట."

"చెప్పింది. అంతా నావల్లే."

ఆమె ఇంకో వేలు పట్టుకుంది. "నేనూ అలాగే అనుకున్నా. చాలా రోజులు నిన్ను తిట్టుకున్నా. తర్వాత ఆ సాయంత్రం అమ్మ ముఖం గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు కూడా అంత హాయిగా ఎప్పుడూ చూడలేదు. అది చూసింది మనిద్దరమే. ఇంకెవరికి చెప్పినా అర్థం కాదు."

నువ్వు అనడం అదే మొదటిసారి. ఆమె గమనించినట్టు లేదు.

"షాపు తీసేశాను. ఇక్కడ కేబుల్ ఆఫీసులో పని దొరికింది."

"పిచ్చా నీకు? ఇక్కడ ఏముందని? బాగవుతుందన్న ఆశ లేదు. నేను నవ్వడం కూడా మర్చిపోయా. నాతో ఉంటే నువ్వూ ఇలాగే అవుతావు."

"నవ్వకపోతే పోయింది. ఏడవడం కూడా లేదట కదా. కనీసం అదైనా మొదలుపెట్టొచ్చుగా."

ఆమె అతని వైపు చూసింది. చివరి గోరు తీసింది. అమ్మ చెయ్యి జాగ్రత్తగా ఒళ్ళో పెట్టింది. ఆ తర్వాత నుదురు అతని భుజానికి ఆన్చి, నెలల తరబడి ఆగినదంతా ఏడ్చింది. వరండాలో వెళ్తున్న నర్సు ఒక క్షణం ఆగి, చూడనట్టు వెళ్ళిపోయింది. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది.

చాలాసేపటికి, తలెత్తకుండానే అడిగింది. "ఉండడానికి రూము దొరికిందా?"

"ఇంకా లేదు."

"బస్టాండు వెనకాల ఒకటి ఖాళీగా ఉంది. గాలి రాదు. సాయంత్రం వచ్చి చూపిస్తాను."