మట్టి కింద ఊట

"ఆగండి! దూకకండి!"

చేతులకు అంటిన మైదాపిండితోనే పెరట్లోకి పరిగెత్తాడు బేకరీ అబ్బాయి. పాత బావి గట్టు మీద సగం లోపలికి వంగిపోయిన అమ్మాయిని భుజాలు పట్టుకుని వెనక్కి లాగాడు. ఆ విసురుకి ఆమె చేతిలోని టేపు జారి, లోపలెక్కడో దబ్బుమని పడింది.

"దూకడమేంటండీ? నీళ్ళు కొలుస్తున్నాను!" ఆమె ఇంతెత్తున లేచింది. "భూగర్భజల శాఖ నుంచి వచ్చాను. మీ నాన్నగారిని అడిగే లోపలికొచ్చాను. డ్రెస్సంతా పిండి చేశారు!"

"ఇందులో నీళ్ళా?" అతనికి నవ్వాగలేదు. "నాకు ఊహ తెలిశాక చుక్క చూడలేదండీ."

"ముందు నా టేపు తెచ్చివ్వండి."

తప్పుతుందా? ఆమె వెలిగించిన లాంతరు బావిలోకి దింపింది. దీపం ఆరలేదు. తర్వాత అతని నడుముకి తాడు కట్టి, ముడి గట్టిగా లాగి చూసింది. ఆమె అంత దగ్గరగా ఉండేసరికి అతను బిగుసుకుపోయాడు.

"లోపల గాలి బాగానే ఉందండీ, ఊపిరి తీసుకోండి," అందామె.

అడుగుకి చేరి టేపు అందుకున్నాడో లేదో, కేకేశాడు. "ఏమండోయ్! మట్టి చల్లగా ఉంది! కాళ్ళు దిగబడుతున్నాయి!"

తలెత్తి చూస్తే ఆమె మొహం వెలిగిపోతోంది.

పైకి రాగానే ఫోనులో వీధి మ్యాప్ చూపించింది. తను కొలిచిన బావులన్నీ నీలం చుక్కలు. "వీటన్నిటిలో నీటిమట్టం మీ బావి అడుగు కంటే పైనే ఉంది. మీదొక్కటే ఎందుకెండుతుంది? ఇది ఎండలేదు, పూడిపోయింది. ఊటలు మట్టి కింద ఉన్నాయి."

అప్పుడే వచ్చిన తండ్రి పెదవి విరిచాడు. ఆయన వేయించిన బోర్లు రెండూ రాయి తగిలి దండగయ్యాయి. ట్యాంకరు వచ్చిన రోజే పొయ్యి వెలుగుతోంది. మర్నాడు మూడో బోరు. అదీ పోతే దుకాణానికి తాళమేనని తేల్చేశాడాయన.

"బోరు లారీని ఆపుదాం నాన్నా. పూడిక తీద్దాం."

"ఎవరో అమ్మాయి చెప్పిందనా?"

"కొలిచి చెప్పింది నాన్నా. మనం రెండుసార్లూ గుడ్డిగా తవ్వాం."

"సరే, ఒక్క వారం. ఆ తర్వాత నీ మాట వినను."

కూలీలతో పాటు అబ్బాయీ బావిలోకి దిగాడు. బక్కెట్ల కొద్దీ బురద, రాళ్ళు, విరిగిన పెంకులు పైకొచ్చాయి. ఆమె రోజూ ఆఫీసు నుంచి ఇటే వచ్చేది.

"పని చూడ్డానికా, బిస్కెట్ల కోసమా?" అనేవాడు.

"బురదలో మీ అందం చూడ్డానికి," అనేది.

వారం చివరికొచ్చింది. నీళ్ళు మాత్రం రాలేదు. తండ్రి బోరు లారీకి ఫోన్ చేయడం చూసి ఆమె మొహం పాలిపోయింది. "నా అంచనా తప్పైతే మీ దుకాణం..."

"తప్పైతే ఇద్దరం కలిసి తిట్లు తిందాం."

"తిట్లు కూడా పంచుకుంటారా?"

"అన్నీ పంచుకుందామనే ఉంది నాకు," అనేసి, ఆమె నోరు తెరిచేలోపే తాడు పట్టుకుని బావిలోకి దిగిపోయాడు.

సిగ్గు, కంగారు, మొండితనం అన్నీ గునపం మీద చూపించాడు. మూలనున్న పెద్ద రాయి కదిలింది. దాని వెనక నుంచి నీళ్ళు బుసకొట్టుకుంటూ వచ్చి మోకాళ్ళ మీద పడ్డాయి.

"వచ్చాయి! వచ్చేశాయి!"

వీధి వీధంతా పెరట్లోకి దూరింది. అతన్ని పైకి లాగేసరికి అడుగంతా నీళ్ళు మెరుస్తున్నాయి. ఆ సాయంత్రం తేరిన నీటిని మొదటి బక్కెట్లోంచి దోసిలితో మొహాన కొట్టుకుని, "రేపటినుంచి రెండు పూటలా పొయ్యి!" అని అరిచాడు తండ్రి. బోరు లారీకి తనే వద్దని చెప్పాడు.

ఆమె టేపు దింపి, తడిసిన చోట వేలు పెట్టి చదువుకుంది. "ఇక నెలకోసారి వచ్చి కొలుస్తానండీ."

"నెలకోసారేనా?" అబ్బాయి గొంతు నీరసపడింది.

తండ్రి కొడుకు బురద మొహం చూశాడు. ఎర్రబడిన ఆమె చెంపలూ చూశాడు. "ఇక్కడే ఉండిపోతే రోజూ కొలుచుకోవచ్చు కదమ్మా!"

ఆమె టేపు మెల్లగా చుట్టి సంచిలో పెట్టుకుంది.

"ఆదివారం మా ఇంటికొచ్చి మా నాన్నని అడగండి మావయ్యగారూ," అంది.