మంచు కొట్టంలో దీపం

కంఠేశ్వర్‌లో పళ్ల డాక్టరు క్లినిక్ పైన నర్సింలు ఆఫీసు. మెట్లెక్కి వచ్చేవాళ్లలో సగం మంది పన్నునొప్పి వాళ్లే. పొరపాటున ఒక అంతస్తు ఎక్కువ ఎక్కి, 'ప్రైవేటు పరిశోధన' అన్న బోర్డు చూసి, పట్టుకున్న దవడ వదలకుండానే దిగిపోతారు. అందుకే ఆ ఉదయం దవడ మీద చెయ్యి లేని ఒక స్త్రీ గుమ్మంలో కనిపించేసరికి ఆయన సహాయకురాలు నిరోష గబుక్కున లేచి నిలబడింది. ఫిబ్రవరి ఎండకు ఫ్యాను తిరుగుతున్నా వచ్చినామె ఒంటిమీద ఉన్ని కోటు ఉంది. అయినా వణుకుతోంది.

"నా పేరు షారోన్, సార్. మాది బోధన్ దగ్గర. నార్వేల నర్సు పని చేస్త. సెలవుకు వచ్చిన." అంటూ ఆమె కుర్చీ అంచున కూర్చుంది. "అక్కడ కొండలల్ల నాకొక చిన్న కట్టెల ఇల్లున్నది. సెలవులకు పోయి ఉండేటందుకు కొనుకున్న. తాళమేసి వచ్చిన. ఇప్పుడు దాంట్ల ఎవలో ఉంటున్నరు."

నర్సింలు సోంపు డబ్బా మూత తీసి ఆమె వైపు జరిపాడు. ఒకప్పుడు బీమా కంపెనీకి దొంగ క్లెయిములు పట్టిన మనిషి. ఎదుటివాళ్లు భయంలో ఉంటే ముందు నోట్లో ఏదైనా వేసుకోమంటాడు. నమలడం మొదలుపెట్టిన మనిషి అబద్ధాలు తక్కువ ఆడతాడని ఆయన నమ్మకం. ఆయన గోడల్లోంచి కూడా చూడగలడని నిరోష నమ్మకం. ఈ రెండు నమ్మకాల మీదే ఆ ఆఫీసు నడుస్తోంది.

"ఎట్ల తెల్సిందమ్మా, ఉంటున్నరని?"

షారోన్ ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. మూడు ఫొటోలు. మొదటిదాంట్లో మంచులో మోకాళ్ల దాకా మునిగిన చిన్న ఇల్లు, పసుపు రంగు తలుపు, కిటికీలో దీపం వెలుగు. రెండోదాంట్లో పొగగొట్టంలోంచి పొగ. మూడోదాంట్లో దీపం, పొగ, వాటితోపాటు తలుపు పక్కన గోడ వారగా రెండు చిన్న మచ్చలు. నర్సింలు వేళ్లతో బొమ్మను పెద్దది చేశాడు. ఒక జత. బూట్లో చెప్పులో ఆ మసక వెలుతురులో తెలియడం లేదు గానీ, మడమలు గోడకు ఆనించి, ముందు భాగం బయటి వైపు ఉండేటట్టు ఒద్దికగా విడిచారు.

"ఎవలు పంపిన్రు?"

"ఎవ్వలు పంపలే సార్. గదే నా భయం. నా ఫొటోలు నేను చూస్కుంటుంటే నడుమ ఇవున్నయి. నేను తియ్యలే. నా ఇంట్లకు దూరిన్రు, నా ఫోన్లకు దూరిన్రు."

"ఏమన్న రాసిన్రా? ఇల్లు అమ్ము, లేకుంటే నీ సంగతి చూస్త అని?"

"ఒక్క అక్షరం లేదు."

నర్సింలు ఆ మాట కాగితం మీద రాసుకుని కింద గీత గీశాడు. బెదిరించేవాడు నోరు మూసుకుని ఉండడం నిరోషకు కూడా వింతగానే తోచింది.

"పోలీసులకు చెప్పినవా?"

"చెప్పిన. మంచు పడి బాట మూసుకపోయింది, తెరిచినంక చూస్తం అన్నరు. కింద ఊర్ల ఒక ముసలాయన నా ఇల్లు కనిపెట్టుకోని ఉంటడు. ఆయనది గూడ గదే మాట." ఆమె చేతులు ఒళ్లోకి లాక్కుంది. "రేపే అమ్మకం సంతకం సార్. మా జీవరాజన్న అమ్మేయమంటున్నడు. సురేందర్ అని ఏజెంటు, కొనేటోళ్లను ఆయనే తెచ్చిండు. నాకు మనసొప్పుత లేదు. చిన్నప్పటి సంది హాస్టళ్లల్ల, ఒకల ఇండ్లల్ల బతికిన. ఈ దునియాల నా పేరు మీదున్న తలుపు గదొక్కటే. గని ఎవడో పండుకున్న ఇంటికి ఒక్కదాన్ని ఎట్ల పోవాలె?"

"ఈ ఫొటోలు ఇంట్ల ఎవలకన్న చూపిచ్చినవా?"

"లేదు. ఇంట్ల ఎవలో దూరిన్రని అన్నకు, సురేందర్‌కు నోటితోని చెప్పిన, గంతే. మా గంగవ్వక్కకు అది గూడ చెప్పలే, పరేషాన్ అయితదని." ఆమె తల దించుకుంది. "నిజం చెప్పాల్నంటే నాకు ఇంటోళ్ల మీదనే అనుమానంగ ఉన్నది సార్. అన్నం పెడుతుంటే గూడ మొకాలు చూస్తున్న."

నర్సింలు ఇంకో చిటికెడు సోంపు వేసుకుని రెండు ప్రశ్నలు అడిగాడు. రెండూ నిరోషకు అసందర్భంగా వినిపించాయి.

"తలుపుకు ఈ రంగు ఎప్పటి సంది?"

"ఇక్కడికి వచ్చేముందే ఏసి, ఫోన్ల ఫొటో తీసుకున్న. అంతకుముందు ఎర్రగ ఉండె. అమ్ముడు గోల మొదలైనంక గా ముచ్చట ఎవలకు చెప్పబుద్ధి కాలే."

"అక్కడ చెప్పులు ఎక్కడ ఇడుస్తరు?"

షారోన్ తెల్లబోయింది. "తలుపు తీసి లోపలికి పోయినంక, సార్. లోపల్నే జాగ ఉంటది."

"మంచిది. పొద్దుగూకకముందే మీ ఇంటికి వస్తం. ఏజెంటును గూడ పిలువు."

*

నర్సింలు పాత కారు బోధన్ దారి పట్టింది. ఒకప్పుడు చెరుకు బండ్లతో కిక్కిరిసిన రోడ్డు. ఇప్పుడు రెండు పక్కలా వరి. మూతబడిన ఫ్యాక్టరీ పొగగొట్టం మాత్రం దూరంగా ఏ పనీ లేకుండా నిలబడి ఉంది. నిరోష దారి పొడుగునా ఏజెంటును నేరస్తుణ్ణి చేసి, శిక్ష కూడా వేసేసింది.

"సురేందరే సార్. ఇల్లు అగ్గువకు కొట్టేయనీకి భయపెడుతున్నడు."

"భయపెట్టేటోడు మాట రాయకుంట ఉంటడా?"

"అయితే అన్న?"

"చూద్దాం" అన్నాడు నర్సింలు. ఆయన 'చూద్దాం' అన్నాడంటే అప్పటికే సగం చూసేశాడని నిరోషకు తెలుసు. మిగతా సగం ఏమిటో తెలియక ఆమెకు కడుపు ఉబ్బరం.

జీవరాజు ఇంటి గడప దగ్గర నర్సింలు చెప్పులు విడవడానికి చాలాసేపు తీసుకున్నాడు. అక్కడ ముందే కొన్ని జతలున్నాయి. జీవరాజు తోలుచెప్పులు బురదతో అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. సురేందర్ నల్లబూట్లు గడపకు మరీ దగ్గరగా, అడిగితే లోపలికే వచ్చేస్తామన్నట్టు ఉన్నాయి. నీలి పట్టీల రబ్బరు చెప్పులు మాత్రం ఒక వారగా, మడమలు గోడకు ఆనించి ఉన్నాయి.

ముందుగదిలో గోడ మీద యేసుప్రభువు పటం, దాని పక్కన అద్దంలో షారోన్ ఇంటి ఫొటో. ఆ ఫొటోలో తలుపు ఎర్రగా ఉంది.

జీవరాజు దాపరికం లేని మనిషి. "అవును సార్, అమ్మమంటున్న. ఏడాదిల పది దినాలు ఉండే మంచు కొట్టానికి గంత ఆరాటమెందుకు? ఇక్కడ పక్కన వర్ని ఊరి దిక్కు జాగ చూసిన. ఇక్కడనే ఇల్లు కట్టుకోని మా నడుమ ఉండాలె. తప్పా?"

"తప్పు కాదు. గా ఇంటి తలుపు ఏ రంగో ఎర్కేనా?"

"గదేం సవాలు సార్? ఎర్రది. గోడ మీద రోజు చూస్తనే ఉన్న."

సురేందర్ చేతిలో ఫైలు, నోట్లో తేనె. "నేను మేడం మంచికే చెప్తున్న సార్. గా దేశంల ఖాళీ ఇంట్లకు ఎవడన్న దూరి నిలదొక్కుకుంటే ఇల్లు వాడిదే అయితదట. జల్ది వదిలించుకుంటే నయం."

"అయితదట? ఎవలన్నరు?"

"అంటే... అందరు అంటున్నరు." రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. నిరోష ఆ రుమాలు మీదినుంచి చూపు తిప్పలేదు.

"కొనేటోళ్లకు తలుపు నచ్చిందా?"

"చాన నచ్చింది సార్. ఎర్ర తలుపు, తెల్ల మంచు. ఆ ఫొటో చూసే కదా మోజుపడ్డరు."

అప్పుడే లోపలినుంచి గంగవ్వ చాయ్ తెచ్చింది. షారోన్‌కు తల్లి లేని లోటు తెలియకుండా, బీడీలు చుట్టి నర్సింగు దాకా చదివించిన పెద్దక్క. ఏళ్ల తరబడి ఆకు మడిచిన వేళ్లు ఇప్పుడు పూర్తిగా చాపుకోవు. మెడలో తాడుకు వేలాడుతున్న ఫోన్‌లోంచి సన్నగా భక్తి పాట వినిపిస్తోంది.

"మంచి ఫోనే ఉన్నదే అవ్వా."

"షారోన్ పాతది బిడ్డా. పోయినేడు ఇచ్చిపోయింది."

"చదువుడు వస్తదా దాంట్ల?"

"నాకు చదువెక్కడిది? నోటితోని చెప్తే పాట పెడ్తది. నేను చెప్పినట్టు ఇనేది ఈ ఇంట్ల గిదొక్కటే."

అందరూ నవ్వారు. నర్సింలు కూడా నవ్వుతూనే అడిగాడు. "చెల్లె ఇల్లు ఎన్నడన్న చూసినవా?"

"నేనెక్కడ చూస్త? ఫొటోలల్ల చూసుడే. ముద్దుగుంటది. ఏర్గట్లల పండే పసుపు లెక్క పచ్చగ తలుపు..." అంటూ ఖాళీ గ్లాసులు తీసుకుని వెళ్లబోయింది.

"కూసో అవ్వా" అన్నాడు నర్సింలు. ఆ గొంతులో మెత్తదనం నిరోష ఇంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఎందుకో ఆమెకు భయం వేసింది.

*

"అందరున్నరు, చెప్తున్న" అని నర్సింలు మొదలుపెట్టాడు. "షారోనమ్మకు మూడు ఫొటోలు వచ్చినయి. ఇంట్ల దీపం, పొయ్యిల మంట, వాకిట్ల ఒక జత. ఎవలో దూరిన్రని ఆమె భయపడ్డది. ముందుగాల నేను చూసింది ఆ జతను. గంత మంచుల చెప్పులు బయట ఎవడన్న ఇడుస్తడా? పొద్దటికి మంచు కింద పోతయి. అక్కడోళ్లు లోపల ఇడుస్తరు. ఇంట్ల మనిషున్నడంటే గడప బయట చెప్పులుండాలె అని ఎవలనుకుంటరు? మనం అనుకుంటం. నన్ను చూడున్రి, ఇప్పుడే ఇడిసి వచ్చిన. గందుకే ఆ ఫొటోలు నార్వేల తీసినయి కావు. ఇక్కడ చేసినయి. ఆ కొట్టంల ఎవ్వలు లేరు."

షారోన్ చెయ్యి నోటికి పోయింది.

"ఈ కాలంల ఫోన్‌కు ఒక ఫొటో చూపిచ్చి, దీంట్ల దీపం పెట్టు అని చెప్తే బొమ్మ వస్తది. రాయనక్కర లేదు, నోటితోని చెప్తే చాలు. మరి ఎవలు చెప్పిన్రు? సురేందర్‌కు ఎర్కైతే ఎర్ర తలుపు. జీవరాజుకూ ఎర్ర తలుపే. బొమ్మలల్ల ఉన్నది పసుపు తలుపు. దాని ఫొటో షారోనమ్మ ఫోన్ల తప్ప ఎక్కడ లేదు."

"మరి?" అన్నాడు జీవరాజు.

"ఆమె ఫోన్ల కాకుంటే, ఆమె పాత ఫోన్లనే ఉండాలె. ఇచ్చేటప్పుడు దాంట్లకెళ్లి తన ఖాతా తీసెయ్యలే. ఇక్కడి ఫొటోలు అక్కడికి పోతయి, అక్కడియి ఇక్కడికి వస్తయి. దూరినోళ్లు ఎవ్వలు లేరు, తలుపు తెరిచే ఉన్నది." నర్సింలు ఎవరి వైపూ చూడలేదు. "ఇగ ఒక్క అక్షరం గూడ లేదంటే, ఆ బొమ్మలు ఎవలనో బెదిరియ్యనీకి చేసినయి కావు."

పాట ఇంకా వినిపిస్తోంది. గంగవ్వ తడబడుతూ ఫోన్‌ను కొంగులో దాచుకుంది.

"నేనే" అంది. "భయపెట్టనీకి కాదు బిడ్డా. ప్రభువు తోడు. చర్చిల ఆడోళ్లందరు ఫోన్‌కు చెప్పి బొమ్మలు చేపిచ్చుకుంటున్నరు. ఒకామె యెరూషలేముల నిలబడ్డది. ఒకామె విమానమెక్కింది. నేను నీ కొట్టం అడిగిన. ఒకనాడు దీపం పెట్టుమన్న. ఒకనాడు పొయ్యి రాజేయుమన్న. నన్ను గూడ పెట్టుమంటే మొకం ఎవల్దో వచ్చింది. నా మొకం దానికి రాలే. ఇగ చెప్పులు చాలనుకున్న. చెప్పులుంటే నేను లోపలున్నట్టే గదా."

షారోన్ ఫోన్ తీసి మూడో బొమ్మను పెద్దది చేసింది. ఇన్ని రోజులూ దొంగవి అనుకుని దడుచుకున్న మచ్చలవి. ఇప్పుడు తెలిసి చూస్తే ఆ మసకలో కూడా పట్టీల నీలం కనబడుతోంది.

"అమ్ముత అంటుంటే ఎందుకు చెప్పలే అక్కా?"

"నీకు బుద్ధి పుట్టి అమ్ముతున్నవనుకున్న. నా బొమ్మలు నీ ఫోన్లకు పోతయని నాకేమెర్క?"

"నీకు చూడాలని ఉన్నదని ఒక్కనాడన్న అన్నవా?"

గంగవ్వ తలెత్తింది. కోపం లేదు ఆమె కళ్లలో, అందుకే ఆ మాట అందరికీ గట్టిగా తగిలింది. "నువ్వు ఒక్కనాడన్న రమ్మన్నవా?"

చలికి తట్టుకోవనుకున్నా అని షారోన్ చెప్పబోయిందేమో. ఆ మాట ఎంత పల్చగా ఉంటుందో ఆమెకే తెలిసినట్టుంది. జీవరాజు గోడ మీది ఎర్ర తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. తనకూ ఎప్పుడూ ఆ ప్రశ్న తట్టలేదు మరి. దొంగను పట్టుకుందామని బయల్దేరి వచ్చినందుకు నిరోషకు సిగ్గు వేసింది.

సురేందర్ మెల్లగా ఫైలు తెరిచాడు. "మరి మేడం, రేపు సంతకం..."

"ఇల్లు అమ్ముత లేను" అంది షారోన్. "గా ఇల్లు ఖాళీగ లేదు."

ఆమె లేచి గడప దగ్గరికి పోయింది. వంగి, నీలి పట్టీల రబ్బరు చెప్పులు రెండు చేతులతో తీసుకుని, గడప దాటించి తెచ్చి అక్క కాళ్ల ముందు పెట్టింది.

"అక్కడ చెప్పులు బయట ఇడువద్దక్కా. మంచుల పోతయి. గిట్ల లోపలికి తెచ్చుకోవాలె. ఇప్పటి సంది అలవాటు చేస్కో."

గంగవ్వ కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి ఆ చెప్పుల వంక చూసింది.

"చెప్పులు ఇంట్లకా?" అంది నిర్ఘాంతపోయి. "గదేం ఇల్లే, షారోనూ!"